బల్బు వెలుగుతుండగా ఆగిన సాంచాలు

కరీంనగర్ నుంచి బస్సెక్కి, మానేరు వంతెన దాటాక దిగితే, బస్టాండు వెనకాల కండెల గల్లీ. ఆ గల్లీలోకి కొత్తగా అడుగుపెట్టినవాడు వీళ్లకేమైనా పిచ్చా అనుకునేవాడు. అనుకోడా మరి? ఈ అరుగు మీద ఒకామె నిలబడి అరచెయ్యి గిర్రున తిప్పేది. ఎదుటి అరుగు మీద ఇంకొకామె నడుం మీద ఒక చెయ్యి పెట్టుకుని రెండో చేత్తో గాలిని కోసేది. ఇద్దరి నోళ్లూ మూసే ఉండేవి. ఇదేదో ఆట అనుకుని వాడు నవ్వుతూ నిలబడితే ఇద్దరూ కలిసి వాడి మీదికే తిరిగేవారు. ఆట కాదు బాబూ అది, కొట్లాట. కుళాయి దగ్గర బిందె ముందుకు జరిపిన పంచాయితీ, నిన్నటి నుంచి తెగలేదు.

గల్లీకి రెండు పక్కలా సాంచాల షెడ్లుండేవి. సాంచ అంటే కరెంటుతో నడిచే మగ్గం. ఒక్కటి ఆడుతుంటేనే పక్కనున్నవాడి మాట వినపడదు, ఇక ప్రతి షెడ్డులో అవి వరసలు వరసలు. నోటి మాట అక్కడ పనికిరాని సరుకైపోయింది. అరిచి అరిచి గొంతులు పాడు చేసుకున్న పాతకాలపు నేతగాళ్లు చేతులతో మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. అది షెడ్డులోనే ఆగిందా? అరుగుల మీదికి వచ్చింది, వంటింట్లోకి పోయింది, పెళ్లి పందిళ్లలో కూచుంది. కూరలో ఉప్పు తక్కువైన దగ్గర్నుంచి ఎవరి కోడలు అలిగి పుట్టింటికి పోయిందన్న దాకా అన్ని ముచ్చట్లూ చేతుల మీదే నడిచేవి. మనుషులకు చేతి పేర్లు కూడా ఉండేవి. కమలవ్వ పేరు నడుం మీద చెయ్యి, కొట్లాటకు దిగేటప్పుడు ఆమె అట్లా నిలబడుతుంది కాబట్టి. సాంచాల ఆసామి అంతయ్య పేరు చెవి తమ్మె పట్టుకోవడం, ఆయనకు ఒకప్పుడు బంగారు పోగులుండేవి. పోగులు ఎప్పుడో అమ్ముకున్నాడు, పేరు మాత్రం మిగిలింది.

వీళ్లు బయటి ఊళ్లో పెళ్లికి పోతే చూడాలి. నోటితో మెల్లగా మాట్లాడుకుంటున్నాం అనుకునే మాటలకు బ్యాండువాళ్లు వాయించడం ఆపి, ఎక్కడ కొట్టుకుంటున్నారోనని చూసేవారు. గల్లీలో పసిపిల్లలు చప్పుడులోనే పడుకునేవారు, కరెంటు పోతే ఉలిక్కిపడి లేచి ఏడ్చేవారు. ఇక కొట్లాటలో అన్నిటికంటే పెద్ద తిట్టు ఏదంటే, ఎదుటివాళ్లు చేతులు ఊపుతుండగానే వీపు తిప్పేయడం. ఇక నీ మాట నాకక్కర్లేదు, నువ్వు నాకు లేవు అని దానర్థం. వీపు తిప్పించుకున్న వాళ్లు ఏళ్ల తరబడి ఆ సంగతి మరిచిపోయేవారు కాదు.

చావు సంగతి కూడా ఆ గల్లీలో వేరు. ఏ ఇంట్లో ఎంత గొల్లుమని ఏడ్చినా పక్కింటికి వినపడదు కదా. అందుకని ఎవరైనా పోతే ముందు వాళ్ల పక్క షెడ్డువాడు సాంచాలు ఆపేసేవాడు. అది చూసి ఆ పక్కవాడు, వాడిని చూసి ఇంకొకడు. చూస్తుండగానే గల్లీ మొత్తం మూగబోయేది. ఆడవాళ్లు చేతిలో పని వదిలి ముందు పైకి చూసేవారు. బల్బు ఆరిపోయి ఉంటే కరెంటు కోత, ఫికర్ లేదు. బల్బు వెలుగుతుండగా సాంచాలు ఆగాయంటే మాత్రం చావే. అప్పుడు ఇంటికొక బిందె నీళ్లు పట్టుకుని బయల్దేరి, అరచెయ్యి తిప్పి ఎవరు అని ఒకరినొకరు అడుగుతూ పోయి, ఆ ఇంటి గడప ముందు పెట్టేవారు. శవానికి స్నానం ఆ నీళ్లతోనే.

ఆ గల్లీలో పుట్టింది మమతారాణి. తల్లి బుచ్చవ్వ అంతయ్య షెడ్డులో కండెలు చుట్టేది. సాంచలో అటూ ఇటూ ఉరికే నాడెలో పెట్టే దారం ఉండను కండె అంటారు. చుట్టే మిషను పక్కనే గోనెసంచి పరిచి పిల్లను పడుకోబెట్టేది. పిల్ల పెరిగింది, చేతులతో గలగలా మాట్లాడింది, మారాం చేసింది, చాడీలు చెప్పింది. ఆ పిల్లకు చెవులు వినపడవన్న సంగతి కన్నతల్లికి గానీ గల్లీలో ఇంకెవరికి గానీ తెలియలేదు. నవ్వకండి. ఆ గల్లీలో అదెట్లా తెలుస్తుంది?

బడిలో వేశాక తెలిసింది. బడి ఊరి చివర, సాంచాలకు దూరంగా ఉంది. వెనక నుంచి ఎన్నిసార్లు పిలిచినా పిల్ల తిరిగి చూడడం లేదని సారు బుచ్చవ్వను పిలిపించాడు.

“నీ బిడ్డకు చెవులు వినపడ్తలేవమ్మా. ఇన్నొద్దులు ఇంట్ల ఎవలూ చూసుకోలేదా?”

బుచ్చవ్వకు ఒళ్లు మండింది. “వినపడకపోవుడేంది సారూ? మా గల్లీల ఎవలికి వినపడ్తది? దానొక్కదానికే రోగమున్నట్టు చెప్తున్నరేంది?”

ఇంటికి వచ్చి ఆ సంగతి చేతులతో చెబితే గల్లీ అంతా కడుపుబ్బ నవ్వింది. కానీ ఆ సాయంత్రం కరెంటు పోయినప్పుడు బుచ్చవ్వ మనసాగక పిల్ల వెనక్కి పోయి పళ్లెం మీద గరిటెతో కొట్టింది. పిల్ల బొమ్మను ఆడిస్తూ అట్లాగే కూచుంది. మళ్లీ కొట్టింది. పళ్లెం సొట్ట పోయింది గానీ పిల్ల తల తిప్పలేదు. తర్వాత కరీంనగర్‌లో డాక్టరుకు చూపిస్తే, ఇంకా చిన్నప్పుడే తెస్తే ఏమన్నా చేసేవాళ్లమేమో, ఇప్పుడు కష్టం అన్నాడు. బస్సులో బుచ్చవ్వ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పక్క సీట్లో మమత ఆమె గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుని, ఎందుకేడుస్తున్నవ్ అని అడిగి, కిటికీలోంచి చూసిన కోతుల కథంతా చెప్పింది. ఇంత మాట్లాడే పిల్లను పట్టుకుని ఏడవడమేమిటని బుచ్చవ్వ కళ్లు తుడుచుకుంది.

నిజానికి గల్లీలో మమతకు వచ్చిన లోటేమీ లేదు. సాంచాల దగ్గర బతికినవాళ్లకు నడివయసు వచ్చేసరికి ఎట్లాగూ చెవులు సగమై పోతాయి. ఆమెకు అందరికంటే ఎక్కువ కనపడేది. గల్లీ ఈ చివర నిలబడి ఆ చివర ఇద్దరు ఏం గుసగుసలాడుకుంటున్నారో చెప్పేది. అందుకే ఆమెకు కళ్ల పేరు పెట్టారు. రెండు వేళ్లు కళ్ల కింద ఆనిస్తే మమత. ఈడుపిల్ల వనజ ఆమెకు ప్రాణస్నేహితురాలు. ఇద్దరూ ఎదురెదురు అరుగుల మీద కూచుని పొద్దుగూకే దాకా చేతులు ఆడిస్తూ ఉండేవారు. ఎంత కొట్లాటైనా మమత మాత్రం ఎవరికీ ఎన్నడూ వీపు తిప్పి ఎరగదు. వీపు తిప్పితే ఆమెకు లోకమే ఉండదు మరి.

దేవదాస్‌ది కూడా ఆ గల్లీయే, కమలవ్వ కొడుకు. అంతయ్య షెడ్డులో సాంచాలు నడిపేవాడు. ఒకసారి నాడె ఎగిరి తగిలి కనుబొమ్మ చీలింది, అప్పటి నుంచి కనుబొమ్మ మీద వేలు గీస్తే దేవదాస్. కండెలు అందించే మమతా, కండెలు అందుకునే దేవదాసూ సాంచాల నడుమ నిలబడి ఎన్ని మాట్లాడుకున్నారో. పెళ్లి మాట వచ్చినప్పుడు కమలవ్వను ఇరుగుపొరుగు ఆటపట్టించారు, నోరులేని కోడలు దొరికింది నీ పంట పండింది పో అని. పెళ్లైన వారానికే అత్తాకోడళ్ల కొట్లాటలో కోడలి చేతుల వేగానికి అత్త చేతులు తడబడ్డాయి. కమలవ్వ నవ్వాపుకోలేక కూలబడింది. “ఓయమ్మో, గిది నాకంటే గయ్యాళిదే” అని గల్లీకంతా చెప్పుకుంది, కొంచెం గొప్పగానే.

పిల్లలు కలగలేదు. దానికి ఇద్దరూ కొన్నాళ్లు ఏడ్చి ఊరుకున్నారు. వాళ్ల ఇంటి గోడా అంతయ్య షెడ్డు గోడా ఒకటే. ఆ గోడ పొద్దస్తమానం వణికేది. మమత పడుకునేటప్పుడు అరచెయ్యి గోడకు ఆనించి పడుకునేది. బండల మీద కాలు పెడితే చాలు, ఏ సాంచ ఆడుతోందో ఏది ఆగిందో ఆమెకు తెలిసేది.

ఆ తర్వాత సాంచాలు ఆగడం మొదలైంది. కొత్త మిషన్ల మీద నేసిన బట్ట చౌకగా వస్తోందన్నారు, నూలు ధర పెరిగిందన్నారు, ఆర్డర్లు లేవన్నారు. కారణాలకేం, ఊరికో మాట. చెరువు ఎండినట్టు గల్లీ ఒక పక్క నుంచి ఎండుకొచ్చింది. ఈ వారం ఒక షెడ్డుకు తాళం, వచ్చే నెల ఇంకో షెడ్డుకు. కొందరు సాంచాల పని వెతుక్కుంటూ దూరాన ఉన్న భివండి పోయారు. కొందరు పెద్దపల్లి రైసుమిల్లుల్లో మూటలు మోశారు. నేతలో ఆరితేరినవాళ్లు ఫంక్షన్ హాళ్ల ముందు బండ్లు నిలబెట్టించే పనికి కుదిరారు.

గల్లీలో చప్పుడు తగ్గింది. తగ్గుతుంటే ఏమైందంటే, జనానికి చెవులు తిరిగి వచ్చాయి. వంతెన దగ్గరి మసీదు అజాన్ గల్లీలోకి వినపడింది. కమలవ్వ కొడుకు గురక మొదటిసారి విని, ఇన్నేళ్లూ నా పక్క గదిలో ఇది జరుగుతోందా అని ముక్కున వేలేసుకుంది. వనజకు మొగుడు స్నానం చేస్తూ పాడతాడని తెలిసింది, గొంతు బాగుంటుందని కూడా తెలిసింది. అప్పుల మధ్య, ఆకలి మధ్య అదొక్కటే వాళ్లకు దక్కిన సుఖం. నోటితో మెల్లగా మాట్లాడుకోవడం ఎంత హాయిగా ఉంటుందో వాళ్లకు ఇన్నాళ్లకు తెలిసొచ్చింది. చెయ్యి ఎత్తక్కర్లేదు, ఎదురుగా కూచోనక్కర్లేదు, పని చేసుకుంటూనే ముచ్చట పెట్టొచ్చు. ఖాళీ అయిన చేతుల్లోకి ఫోన్లు వచ్చాయి.

మమతకు తెలిసొచ్చింది మాత్రం ఒకటే, చేతులు దిగిపోతున్నాయని. ముందు అరుగుల మీద దిగాయి. తర్వాత కుళాయి దగ్గర. నలుగురు ఆడవాళ్లు నిలబడి నవ్వుతుంటారు, వాళ్ల నోళ్లు కదులుతుంటాయి, చేతులు కొంగులో ముడుచుకుని ఉంటాయి. మమత పోయి నిలబడి ఏంది అని అడిగితే వనజ బొటనవేలు భుజం మీదుగా వెనక్కి ఊపేది. తర్వాత చెప్త అని దానర్థం. మొదట్లో నిజంగానే తర్వాత చెప్పేది. పోనుపోను అందులో సగం చెప్పేది. చివరికి ఆ బొటనవేలే మిగిలింది. పగలంతా ముచ్చటాడుకునే గల్లీలో మమత రోజుకు నాలుగు బొటనవేళ్లు చూసి ఇంటికొచ్చేది. తప్పెవరిదంటే ఎవరిదీ కాదు. వాళ్లు ఆమెను ఏమీ అనలేదు, పొమ్మనలేదు. మరిచిపోయారంతే, అదే ఒళ్లు మండే సంగతి.

చివరికి ఒక్క అంతయ్య షెడ్డు మిగిలింది. ముసలాయన మొండివాడు. ఆర్డరున్న రోజు నడిపేవాడు, లేని రోజు సాంచాలకు నూనె పెట్టి తుడిచేవాడు. ఆ షెడ్డులోకి అడుగుపెడితే చాలు, మమతకు ప్రాణం లేచొచ్చేది. లోపల చప్పుడుంది కాబట్టి లోపలున్నవాళ్లకు చేతులు తప్పవు. మొగుడితో ఇంట్లో కంటే అక్కడే ఎక్కువ మాట్లాడేది. ఆ షెడ్డు నడిచినంత కాలం తానొక మనిషి, అది ఆగిన రోజు తానొక చెవిటిది. ఎవరూ చెప్పకపోయినా ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు.

ఒకరోజు అంతయ్యను అడిగింది. “మామా, నడుస్తది కదా? ఆపవు కదా?”

అంతయ్య నూనె గుడ్డ భుజాన వేసుకుని చేతులాడించాడు. “నడుస్తది బిడ్డా. నువ్వు ఫికర్ చెయ్యకు. నేనున్నన్ని రోజులు నడుస్తది.”

ఆమె అంతటితో ఊరుకోలేదు. కూలి ఇచ్చినప్పుడే ఇవ్వు, ఇవ్వకపోయినా అడగను అంది. ఆర్డరు లేని రోజు కూడా వచ్చి కండెలు చుట్టేది. రేపు పెద్ద ఆర్డరు వస్తే కండెలు లేవని సాంచ ఆగకూడదని ఆమె తాపత్రయం. చుట్టినవన్నీ షెడ్డు మూల గంపల్లో పోసేది. గంపలు నిండాయి, గోడ వారన కుప్ప పోసింది. చూసినవాళ్లు పిచ్చిది అనుకున్నారు. అనుకుంటే అనుకోనీ.

ఇంట్లో మాత్రం గోడ కట్టినట్టయింది. తల్లీకొడుకులు అన్నం ముందు కూచుని నోటితో మాట్లాడుకునేవారు, నవ్వుకునేవారు. మమత కంచంలోంచి తలెత్తి ఒకరి ముఖం నుంచి ఇంకొకరి ముఖానికి చూపు తిప్పుకుంటూ కూచునేది. అన్నం చల్లారిపోయేది. ఒకరోజు షెడ్డులో దేవదాస్ సాంచ ముందు అడ్డంగా నిలబడి అడిగేసింది.

“ఇంట్ల నాతోని ఎందుకు మాట్లాడ్తలేవు?”

“మాట్లాడ్తున్న కదనే.”

“అత్తతోని ముచ్చటంత పెడ్తవ్. నాకు పిడికెడు చెప్తవ్. నేను ఇంట్ల బల్లినా?”

పోగు తెగి సాంచ దానంతట అదే ఆగింది, దేవదాస్ ఆ పోగును ముడివేయలేదు. ఆఖరికి చేతులు ఎత్తాడు. “తప్పైంది. చేతులకు బద్ధకం పట్టింది. నువ్వు నా ముంగట ఉన్నప్పుడు నా చేతులు ఇగ ఊకె ఉండయి. ఒట్టు.” అని అరచెయ్యి సాంచ మీద పెట్టాడు. నేతగాడు సాంచ మీద ఒట్టేస్తే అది మామూలు ఒట్టు కాదు. ఆ వారమంతా అతను నిలబెట్టుకున్నాడు కూడా. అన్నం ముద్ద నోట్లో పెట్టుకోవడం మాని మరీ చెప్పాడు, టీవీలో వచ్చిన వార్తలు, బజారులో విన్న చాడీలు, అన్నీ. మమత ఆ వారం రెండుసార్లు కూర వడ్డించుకుని తింది.

ఇదిలా ఉండగా ఆదివారం సాయంత్రం మమత వాళ్ల అరుగు మీదికి అంతయ్య వచ్చి కూచున్నాడు. వనజ కూడా వచ్చింది. దేవదాస్, కమలవ్వ అక్కడే ఉన్నారు. మమత అందరికీ చాయ్ పెట్టి తెచ్చింది.

“నాతోని గాదు బిడ్డా ఇగ,” అన్నాడు అంతయ్య నోటితో, ఆమె చేతిలోంచి చాయ్ అందుకుంటూ. “కరెంటు బిల్లుకు ఎల్లుతలేదు. సాంచాలు తుక్కుకు మాట్లాడిన. సాంచాల మీదున్న భీము నూలు నేసుడైనంక వస్తరు.”

వనజ కళ్లు చెమర్చాయి. కమలవ్వ గడ్డం కింద చెయ్యి పెట్టుకుంది. మమత ట్రే పట్టుకుని నిలబడి ఆ ముఖాలు చూసింది. ఏదో జరిగిందని అర్థమైంది. ఏమైంది అని అరచెయ్యి తిప్పింది. వనజ బొటనవేలు భుజం మీదుగా ఊపి కొంగుతో కళ్లొత్తుకుంది. మమత మొగుడి వైపు తిరిగింది.

దేవదాస్‌కు చెప్పే ధైర్యం రాలేదు. చెడ్డవాడు కాదు, పిరికివాడు. “ఏం లే,” అని చేతులాడించాడు. “అంతయ్య మామకు బీపీ పెరిగిందట.”

చేతులతో అబద్ధం చెప్పడం అతనికి అదే మొదలు. మమత నమ్మింది. నమ్మి, ముసలాయన చాయ్‌లో చక్కెర ఎక్కువైందేమోనని కప్పు తీసుకుపోయి మళ్లీ కలిపి తెచ్చింది. అంతయ్య ఆ చాయ్ తాగలేకపోయాడు. గల్లీలో ప్రతి మనిషికీ తెలిసిన ఆ కబురు ఆమె ముందే నలిగి నలిగి, ఆమె ఒక్కదానికే అందలేదు. చిన్న ముచ్చట్లు తప్పిపోవడం అలవాటైనా, గల్లీలో ఇంత పెద్ద కబురు మమత కళ్లు దాటిపోవడం అదే మొదటిసారి.

ఆ భీము అయిపోయిన రోజు పొద్దున దేవదాస్ ఆమెను షెడ్డుకు రావద్దన్నాడు. “ఇయ్యాల కండెలు చాలు. ఇంట్ల ఉండు, జర రెస్టు తీస్కో.” అలసిపోయానని గమనించాడు కాబోలని ఆమె లోలోపల మురిసిపోయింది. అతనికిష్టమని పచ్చిపులుసు చేయడానికి చింతపండు నానబెట్టింది.

మధ్యాహ్నం ఉల్లిగడ్డ కోస్తుండగా కాళ్ల కింద బండ చల్లబడినట్టయింది. చల్లబడలేదు, వణుకు ఆగింది. ఒక్కొక్కటిగా కాదు, సాంచాలన్నీ ఒక్కసారే ఆగాయి. మమత కత్తిపీట వదిలేసి పైకి చూసింది. బల్బు వెలుగుతోంది. ఫ్యాను తిరుగుతోంది.

అంతయ్య మామే అనుకుంది మొదట. బీపీ అన్నారు కదా, పాపం, మొన్న చాయ్ కూడా తాగలేదు. ఆ వెంటనే, షెడ్డులో ఉన్నది దేవదాస్ కదా అనిపించింది. గల్లీలో పుట్టిన ఆడది కాబట్టి చెయ్యి దానంతట అదే బిందె మీదికి పోయింది. నీళ్లు నింపుకుని చంకనెత్తుకుని బయటికి ఉరికింది. ఎదురింటి తలుపు తీసే ఉంది, వనజ లేదు. పక్కింట్లో ఎవరూ లేరు. జనమంతా షెడ్డు ముందే ఉన్నారు, చావింటి ముందు నిలబడ్డట్టే తలలు దించుకుని నిలబడ్డారు. ఎవరి చేతిలోనూ బిందె లేదు. మమతకు అది వింతగా తోచింది. ఎవరు పోయినా ఇంత మర్యాద లేకుండా వస్తారా అని కోపం కూడా వచ్చింది.

చంకలో బిందె పట్టుకుని, రెండో చెయ్యి ఎత్తి అందరి ముందూ తిప్పింది. ఎవలు?

వనజ ఆమెను చూసింది. భివండిలో ఉన్న అన్నకు పంపడానికని వీడియో తీస్తోంది, ఒక చేతిలో ఫోనుంది. రెండో చేతి బొటనవేలు భుజం మీదుగా వెనక్కి ఊపింది. కమలవ్వ రెండు చేతులతో కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని ఉంది. అంతయ్య బతికే ఉన్నాడు. మెట్టు మీద కూచుని చేతులు రెండూ చంకల్లో దాచుకున్నాడు. మమత మళ్లీ తిప్పింది. ఎవలు? ఎవలు పోయిండ్రు?

షెడ్డులోంచి దేవదాస్ వచ్చాడు. బతికి, నడిచి వచ్చాడు. మమత చంకలోని బిందె తొణికి చీరె తడిసింది. అతను తుక్కు బేరగాడి మనుషులతో కలిసి సాంచ పక్కచట్రం మోసుకొస్తున్నాడు. ఆ పూట కూలి వాళ్లే ఇస్తామన్నారు, కాదనే స్థితిలో లేడు. రెండు చేతుల నిండా ఇనుము. మమత అతనికి ఎదురుపోయి ముఖంలో ముఖం పెట్టి చెయ్యి తిప్పింది. ఎవలు?

అతను ఆగాడు. నోరు తెరిచి ఏదో అన్నాడు. ఒక మాట కాదు, చాలా మాటలే అన్నాడు, గొంతు నరాలు ఉబ్బాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి. మమత అతని పెదవులు చూస్తూ నిలబడింది. వెనకవాడు బరువు మోయలేక కసిరినట్టున్నాడు, దేవదాస్ తల వంచుకుని ఆమె పక్క నుంచి నడిచిపోయాడు. చట్రాన్ని బండిలో పడేశాక చేతులు ఖాళీ అయ్యాయి. ఆమె చూస్తూనే ఉంది. అతను చేతులు ప్యాంటుకు తుడుచుకుని, ఇంకో చట్రం కోసం లోపలికి పోయాడు.

అప్పుడు చూసింది ఆమె షెడ్డు లోపలికి. సమ్మెటలతో సాంచాలను విరగ్గొడుతున్నారు. గోడ వారన తాను పోసిన కండెల కుప్ప కాళ్ల కింద పడి చెల్లాచెదురైంది. రంగురంగుల దారాలు వాళ్ల చెప్పులకు చుట్టుకుని బయటిదాకా వస్తున్నాయి. ఎవరూ ఒక్క ముక్క చెప్పకుండానే ఆమెకు అంతా అర్థమైంది. ఆదివారం చాయ్ అర్థమైంది. బీపీ అర్థమైంది. పొద్దున రెస్టు తీసుకోమన్నది ఎందుకో కూడా అర్థమైంది, ముఖం మీద ఉమ్మినట్టయింది.

చంకలో బిందె బరువుగా ఉంది. నీళ్లు తెచ్చినామె వాటిని వెనక్కి తీసుకుపోకూడదు, ఎక్కడో ఒక గడప ముందు పెట్టాలి. షెడ్డుకు గడప లేదు. మమత కాసేపు నిలబడింది. జనం ఆమె వైపు చూసి, చూపు తిప్పుకుని, మళ్లీ నోళ్లు కదిపారు. ఆమె వెనక్కి తిరిగి ఇంటికొచ్చింది. బిందెను తన గడప ముందు, సరిగ్గా నడుమ పెట్టింది. లోపలికి పోయి గోడకు అరచెయ్యి ఆనించింది. గోడ ఊరికే గోడలా ఉంది. ఉల్లిగడ్డ ముక్కలు అట్లాగే ఉన్నాయి, చింతపండు నాని నీళ్లు ఎర్రబడ్డాయి. ఆమె గోడ వారన కూచుంది.

పొద్దు వాలుతుండగా దేవదాస్ వచ్చాడు. కమలవ్వ ఇంకా అంతయ్య ఇంట్లోనే ఉంది, ఆ సంగతి అతనికి తెలియదు. గడప ముందు బిందె చూసి అడుగు అక్కడే ఆగిపోయింది. లోపలికి తొంగి చూశాడు, మమత కనపడింది, తల్లి కనపడలేదు. అతని చేతులు వాటంతట అవే లేచాయి. నడుం మీద చెయ్యి పెట్టి, అరచెయ్యి తిప్పాడు. అవ్వనా?

మమత తల అడ్డంగా ఊపింది.

అతను ఊపిరి పీల్చుకుని, బిందె వైపు చూపి, మళ్లీ అడిగాడు. మరి ఎవలు?

మమత రెండు వేళ్లు ఎత్తి కళ్ల కింద ఆనించింది.

అతనికి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక బిందె దాటుకుని లోపలికి వచ్చి, ఆమె ముందు మోకాళ్ల మీద కూలబడి, గబగబా చేతులు ఆడించాడు. చాలా చెప్పాడు. ఆదివారం సంగతి, తుక్కు సంగతి, ఒట్టు సంగతి, ఇన్నాళ్లూ చెప్పనివన్నీ ఆ చేతుల్లో ఉన్నాయి. మమత అప్పటికే గోడ వైపు తిరిగి, అతనికి వీపు చూపి కూచుంది.